పదకొండు వరసలు

మా వదిన డ్యూటీకి దూరమై అప్పటికి పంతొమ్మిదో రోజు. "ఇంట్లో కూర్చోబెట్టారు" అని అందరూ అంటున్నారు గానీ, ఆ పంతొమ్మిది రోజుల్లో ఆమె ఒక్కచోట కూర్చోవడం నేను చూడలేదు. వంటింటి అరల్లోని డబ్బాలన్నీ దించి, కడిగి, ఆరబెట్టి, కొత్త పద్ధతిలో పేర్చింది. రెండు రోజులకి ఆ పద్ధతి నచ్చక మళ్ళీ దించింది. మా ఆయన పంచదార కోసం నాలుగు డబ్బాల మూతలు తీసి చూసి, విసుగొచ్చి చప్పటి టీ తాగి డ్యూటీకి పోయాడు.

వదిన అంటే మా ఆయనకి సొంత అక్క. ఆయన కంటే పన్నెండేళ్ళు పెద్దది. పెళ్ళి చేసుకోలేదు. ఆమె మాతో ఉంటోందని బయటివాళ్ళు అనుకుంటారు. నిజానికి మేమే ఆమె ఇంట్లో ఉంటున్నాం. ఆ సంగతి నెలకోసారైనా ఆమె గుర్తుచేస్తుంది, నవ్వుతూనే. ఊళ్ళోని పెద్దాసుపత్రిలో, గుండె వార్డులో ఇరవై రెండేళ్ళుగా నర్సు. డాక్టర్లు కూడా ఆమెని "పెద్ద సిస్టర్" అనే పిలుస్తారు.

నేనూ అదే ఆసుపత్రిలో పనిచేస్తాను, కాకపోతే రోగుల మొహాలు చూడని పని. వెనక భవనం మూడో అంతస్తులో కంప్యూటర్ సెక్షన్ ఉంది. మేం నలుగురం. రోగుల వివరాలు, మందులు, పరీక్షలు అన్నీ ఉండే డేటాబేసు బాగోగులు నావి.

జరిగింది ఇది. ఒక సోమవారం ఉదయం తొమ్మిదీ యాభైకి వదిన ఆరో మంచం మీదున్న పెద్దాయనకి గుండె వేగం తగ్గించే మందు ఇచ్చింది. ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. పావు మిల్లీగ్రాము ఇచ్చినట్టు కంప్యూటర్లో తనే నమోదు చేసింది. ఒంటిగంటకల్లా ఆయన నాడి నలభైకి పడిపోయింది. వెంటనే ఐసీయూకి మార్చారు. డ్యూటీ డాక్టరు తెర మీద చూస్తే, ఇవ్వాల్సింది పావులో సగమే అని ఉంది. ఆయన కిడ్నీలు బలహీనం కాబట్టి డోసు సగానికి తగ్గించానని పెద్ద డాక్టరు కూడా చెప్పాడు.

వదిన మాత్రం ఒకటే మాట. "నేను ఇచ్చినప్పుడు తెర మీద పావు అనే ఉంది. రెండుసార్లు చూశాను."

గురువారం కమిటీ కూర్చుంది. తెర మీది వివరాలు ప్రింటు తీసి ఇవ్వమంటే నేనే తీసిచ్చాను. సగం అని స్పష్టంగా ఉంది. కమిటీలో ఒకాయన నన్ను అడిగాడు. "సోమవారం తొమ్మిదీ యాభైకి ఇక్కడ ఏముందో తెలుసుకునే దారేమైనా ఉందా అమ్మా?"

"లేదు సార్. మా డేటాబేసుకి ఇప్పుడున్నదే తెలుసు. కొత్త విలువ రాగానే పాతది పోతుంది" అన్నాను.

ఆ జవాబు చెప్పడానికి నాకు మూడు క్షణాలు కూడా పట్టలేదు. శుక్రవారం నుంచి వదినని డ్యూటీకి రావద్దన్నారు.

డ్రాయింగు మాస్టారు ఐదో రోజుకి కోలుకుని వార్డుకి తిరిగొచ్చాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. వదిన తప్ప. "ఆయన బతికాడు సరే, నా కళ్ళు అబద్ధం చెప్పాయా లేదా అన్నది ఎవరు తేలుస్తారు?" అంది.

ఆ ప్రశ్న ఆసుపత్రి డైరెక్టరునీ గుచ్చినట్టుంది. మా సెక్షన్ హెడ్‌ని పిలిచి, పాత విలువల్ని కూడా దాచుకునే డేటాబేసులు ఏమున్నాయో, అందులో ఉచితంగా దొరికే ఓపెన్ సోర్సువి ఏవి మనకి పనికొస్తాయో పోల్చి చూసి నాలుగు వారాల్లో నివేదిక ఇమ్మన్నాడు. హెడ్ ఆ పని తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"సార్, అవతల ఉన్నది మా ఆడపడుచు. నేను చేస్తే బాగుండదేమో."

"డేటాబేసుకి ఆడపడుచులుండరు. నీకు తప్ప ఇక్కడ ఎవరికి వచ్చమ్మా ఈ పని?" అన్నాడాయన.

అలా మొదలైంది. వారం రోజులు చదవడమే సరిపోయింది. చివరికి నాలుగు మిగిలాయి. అసలు పేర్లు ఒక్కటీ నోరు తిరిగేవి కావు, అందుకని సెక్షన్లో ముద్దుపేర్లు పెట్టుకున్నాం. ఒకదాన్ని 'రాయి' అన్నాం. అందులో ఒకసారి రాసింది చెరగదు, ఎవరైనా లోపల చెయ్యి పెట్టినా బయటపడిపోతుంది. రెండోది 'చెట్టు'. మొత్తం పట్టికకి కొమ్మ వేసుకుని, ఆ కొమ్మ మీద మార్పులు చేసి, బాగున్నాయనుకుంటే తిరిగి మానులో కలపొచ్చు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏ వరసలో ఏం మారిందో పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. మూడోది 'రెండు గడియారాలు'. ఒక సంగతి ఎప్పటినుంచి నిజమో ఒక గడియారంలో, అది మనకి ఎప్పుడు తెలిసిందో ఇంకో గడియారంలో రాసుకుంటుంది. నాలుగోది మా పాత డేటాబేసే, దానికి పాత విలువలు దాచే పట్టికలు అతికించుకోవాలి. దాన్ని 'అద్దింటికి అటక' అన్నాం.

ఇంటికెళ్తే వదిన గుమ్మంలోనే నిలబడి ఉండేది. "ఏమంటున్నాయి నీ రాళ్ళూ చెట్లూ?"

"ఇంకా చూస్తున్నాను వదినా."

"చూడు చూడు. ఈలోగా నేను పరదాలు ఉతికేశాను. రేపటికి ఉతకడానికి మీ ఆయన ఒక్కడే మిగిలాడు."

నవ్వేదాన్ని. లోపల మాత్రం ఏదో తొలుస్తూ ఉండేది. ఆమె మాట అబద్ధం కాదని తెలుసు. కంప్యూటర్ అబద్ధం చెప్పదనీ నమ్మకం. రెండింటినీ ఒకే తలలో మోస్తూ బల్ల దగ్గర కుదురుగా ఉండలేకపోయేదాన్ని. కుర్చీలో కూర్చుంటే కాలు దానంతటది ఊగేది. లేచి కిటికీ దాకా వెళ్ళడం, నీళ్ళు తాగడం, మళ్ళీ కూర్చోవడం. "కాలుగాలిన పిల్లిలా ఏంటమ్మా ఈ తిరగడం, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాడు హెడ్.

పోల్చి చూడాలంటే నాలుగింటికీ ఒకే సరుకు, ఒకే ప్రశ్న ఇవ్వాలి. ప్రశ్న మాత్రం మొదటిరోజే తట్టింది. సోమవారం తొమ్మిదీ యాభైకి ఆరో మంచానికి ఈ మందు ఎంత? సరుకు కోసమే తంటా. ఉత్తుత్తి వివరాలు పోస్తే తేడాలు తెలియవు. రోజూ జరిగే నిజమైన మార్పులు కావాలి. అవెక్కడ దొరుకుతాయా అని ఆలోచిస్తుంటే అప్పుడు గుర్తొచ్చింది. మా పాత డేటాబేసు మధ్యలో పడిపోతే మళ్ళీ లేవడానికని, జరిగిన ప్రతి మార్పునీ తనకోసం తను ఒక చిట్టాలో రాసుకుంటుంది. మనుషులు చదివేది కాదు. ముప్పై రోజులు ఉంచుకుని తనే చెరిపేస్తుంది.

కమిటీ ముందు "లేదు సార్" అన్నది నేనే కదా. ఆ చిట్టాని యంత్రం లేపడానికి పనికొచ్చే సామానుగానే పదేళ్ళుగా చూశాను. దానికి సాక్ష్యం చెప్పే నోరుందని తట్టలేదు. ఈ మాట ఎవరైనా నాతో చెబితే నేను నమ్మను. కానీ జరిగింది అదే.

తేదీలు లెక్కపెట్టాను. ఆ సోమవారం జరిగి ఇరవై ఒక్క రోజులు. చిట్టా ఇంకా ఉంది. వెంటనే దాన్నంతా వేరే డిస్కులోకి తీసి పెట్టాను.

మర్నాడు పొద్దున్న పదింటికి రాయిలోకి చిట్టా మొత్తం ఎక్కించి ప్రశ్న వేశాను. ఒక్క అంకె వచ్చింది. పావు.

ఎక్కించడంలో ఏదో పొరపాటు చేశాననుకున్నాను. మళ్ళీ ఎక్కించాను. మళ్ళీ పావే. వదిన కళ్ళు అబద్ధం చెప్పలేదు. లేచి గట్టిగా అరవాలనిపించింది, హెడ్ ఫోన్లో ఉన్నాడు కాబట్టి ఆగాను. ఆ ఉత్సాహంలోనే చెట్టుకి కూడా ఎక్కించి, ఆ సోమవారం పొద్దుటికీ మధ్యాహ్నానికీ తేడా చూపించమన్నాను. అది పక్కపక్కన పెట్టి చూపించింది. పదకొండూ ఇరవైకి, ఒకే దెబ్బకి, పదకొండు వరసలు మారాయి. అన్నీ మందుల డోసులే. మార్చినవాళ్ళు: అడ్మిన్.

పదకొండు.

ఆ సోమవారం ఫోను మోగడం, అవతల ఫార్మసిస్టు గొంతు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "మేడమ్, ఆదివారం అర్ధరాత్రి కొత్త మందుల జాబితా ఎక్కించినప్పుడు డాక్టర్లు తగ్గించిన డోసులు పోయి మామూలు డోసులు కూర్చున్నాయి. పదకొండు మందికి. అర్జెంటుగా సరిచెయ్యండి." అతను పంపిన అంకెలతో ఒక్క కమాండ్ రాసి సరిచేశాను. పేర్లు లేవు, మంచాలు లేవు, వట్టి నంబర్లు. రెండు నిమిషాల పని. "అయిపోయిందండీ" అన్నాను. "థాంక్స్ మేడమ్, బతికించారు" అన్నాడు. అంతే, ఆ సంగతి మళ్ళీ నా తలలోకి రాలేదు. గురువారం కమిటీకి ప్రింటు తీసి ఇచ్చినప్పుడూ రాలేదు.

వదిన మందు ఇచ్చిన గంటన్నరకి, ఆమె చూసిన అంకెని చెరిపేసింది నేను.

రెండు గడియారాలకి ఎక్కించడానికి అరగంట పట్టింది. అవసరం లేకపోయినా ఎక్కించాను. నిజమైన డోసు ఎంత అంటే, శనివారం నుంచీ సగమే అంది. తొమ్మిదీ యాభైకి మనకి తెలిసింది ఎంత అంటే, పావు అంది. డాక్టరు చెప్పిందీ నిజమే, వదిన చెప్పిందీ నిజమే. రెండింటినీ విడదీసి చెప్పింది ఆ ఒక్కటే.

హెడ్‌ని పిలిచి తెర చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"మిగతా పదిమంది?"

"వాళ్ళకి ఆ మందులు సాయంత్రం వేళవి సార్. అప్పటికే సరిచేసేశాం. పొద్దున వేళది ఈయనొక్కడికే."

"అయితే సిస్టర్ బయటపడ్డట్టే. మంచి వార్తే కదా, మొహం అలా పెట్టావేం?"

"అడ్మిన్ నేను సార్."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ లాగిన్ మా నలుగురితో పాటు ఇంకో ఇద్దరు కూడా వాడతారు. "నివేదికలో అడ్మిన్ అని రాయి, చాలు" అన్నాడు మెల్లగా. "అది అబద్ధం కాదు. తప్పు జాబితాది. నువ్వు సరిచేశావంతే."

భోజనం వేళయింది. డబ్బా తెరవకుండానే బయటికొచ్చేశాను. ఆసుపత్రి ప్రహరీ చుట్టూ ఒకసారి తిరిగాను. రెండోసారి తిరిగేటప్పటికి గేటు దగ్గర వాచ్‌మన్ "ఏమైనా పోయిందా మేడమ్?" అని అడిగాడు. హెడ్ మాట తలలో తిరుగుతోంది. అబద్ధం కాదు, నిజమే. అడ్మిన్ అని రాస్తే వదిన బయటపడుతుంది. ఎవరికీ ఏమీ కాదు. కానీ రేపు డైనింగ్ టేబుల్ దగ్గర ఆమె "ఇంతకీ ఎవరు మరదలా ఆ అడ్మిన్?" అని అడుగుతుంది. తప్పక అడుగుతుంది.

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఒంటిగంటన్నరకి ఆయన బస్సు ఆసుపత్రి వెనక టెర్మినస్‌లో పావుగంట ఆగుతుంది. వెళ్ళేసరికి ఖాళీ బస్సులో ముందు అద్దం తుడుస్తున్నాడు. మెట్టు మీద నిలబడే అంతా చెప్పేశాను. ఆయన తుడవడం ఆపలేదు, తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

"అక్కకి నువ్వు చెప్తావా, కమిటీ చెప్పేదాకా ఆగుతావా?"

"నాకు భయంగా ఉంది."

"నాకూ భయమే. ఇద్దరం వంటింటి జోలికి పోకుండా ఉంటే సరి" అన్నాడు. నవ్వించబోయాడు గానీ ఆయన మొహంలోనే నవ్వు లేదు. "ఎక్కు. మన వీధి చివర దింపుతాను."

బస్సులో పది సీట్లు ఖాళీగా ఉన్నా ఇంటిదాకా నిలబడే వెళ్ళాను.

వదిన స్టూలెక్కి గోడ గడియారం తుడుస్తోంది. పనివేళలో నన్ను చూసి కిందికి దిగింది. "ఏమైంది? మాస్టారికేమైనా…"

"ఆయన బాగున్నారు. వదినా, మీరు చూసింది నిజమే. తొమ్మిదీ యాభైకి పావు అనే ఉంది. తేలిపోయింది."

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. ఆ పంతొమ్మిది రోజుల్లో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఒడిలోని పొడిగుడ్డనే మడతపెడుతోంది, విప్పుతోంది. ఆ ఆనందం చూస్తూ మిగతాది చెప్పడం ఎంత కష్టమో నాకే తెలుసు.

"దాన్ని పదకొండూ ఇరవైకి మార్చింది నేను. ఫార్మసీవాళ్ళు ఫోన్ చేస్తే సరిచేశాను. ఎవరిదో తెలియదు. తర్వాత మర్చిపోయాను. కమిటీకి ప్రింటు ఇచ్చిందీ నేనే, పాతది తెలుసుకునే దారి లేదని చెప్పిందీ నేనే. దారుంది వదినా. నాకు తట్టలేదు."

ఆమెకి కోపమొస్తే ఇల్లు ఎగిరిపోతుందని మా ఆయన చిన్నప్పటినుంచీ చెప్పేవాడు. ఇల్లు నిశ్శబ్దంగానే ఉంది.

"రోజూ గుమ్మంలో నిలబడి నిన్ను అడిగాను" అంది చివరికి. "ఏమంటున్నాయి అని. రోజూ."

"అవును వదినా."

"నేనే పిచ్చిదాన్నేమో అనుకున్నాను. నా కళ్ళు పోయాయేమోనని డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చాను. మీకు చెప్పలేదు." లేచి స్టూలు పక్కకి జరిపింది. "వెళ్ళు. నీ పని చూసుకో."

అరిచి ఉంటే బాగుండేది.

నివేదికలో అడ్మిన్ పక్కన నా పేరు రాశాను. హెడ్ చదివి సంతకం పెట్టాడు. కమిటీ మళ్ళీ కూర్చుంది. ఫార్మసిస్టు వచ్చి చెప్పాడు, "ఎవరూ మందు ఇవ్వకముందే సరిచేశామనుకున్నాను సార్" అని. వదిన మీద ఆరోపణ కొట్టేసి, సోమవారం నుంచి డ్యూటీకి రమ్మన్నారు. నాకు హెచ్చరిక కాగితం ఒకటి ఇచ్చారు. అందరూ కలిసి వాడే లాగిన్ ఆ రోజే తీసేశారు, ఇక ఎవరి పేరుతో వాళ్ళే. మొదటిసారి నన్ను ప్రశ్న అడిగినాయనే మళ్ళీ అడిగాడు. "అయితే ఏది తీసుకుందామంటావమ్మా?"

ఈసారి తొందరపడలేదు. రాయి గట్టిదే గానీ, రోగి తన వివరాలు తీసెయ్యమంటే తియ్యడం కష్టం. చెట్టు తేడాలు చూపించడంలో దానికదే సాటి, కానీ వార్డుల నుంచి నిమిషానికి వందల మార్పులు వచ్చిపడితే మా పరీక్షలో ఆయాసపడింది. అటక తేలిక, కానీ కట్టడం, కాపలా కాయడం అన్నీ మా నలుగురి నెత్తినే, ఒక్క పట్టికకి మర్చిపోయామా మళ్ళీ ఇదే కథ. రెండు గడియారాలది నేర్చుకోవడమే కష్టం, మాలో ఒక్కరికీ రాదు. అయినా మందుల పట్టికల వరకు అదే కావాలన్నాను. "మందు విషయంలో నిజం ఎంత అన్నదొక్కటే చాలదు సార్, ఇచ్చినవాళ్ళకి అప్పుడు ఎంతని తెలుసో కూడా కావాలి." వాళ్ళు ఒప్పుకున్నారు. మిగతా పట్టికలకి అటక చాలన్నారు.

వదిన డ్యూటీకి వెళ్ళసాగింది. ఇంట్లో నాతో అవసరమైన మాటలే. "తలుపు వేసుకో." "గ్యాసు అయిపోయింది." మరదలా అన్న పిలుపు లేదు. రెండు నెలలు అలాగే గడిచాయి. ఆఫీసులో కొత్త డేటాబేసు భాష నేర్చుకుంటూ, ఇంట్లో ఆమె అడుగుల చప్పుడు వింటూ, రెండుచోట్లా ముళ్ళ మీద ఉన్నట్టే ఉండేదాన్ని.

కొత్తది గుండె వార్డులోనే మొదట పెట్టాం. మొదటి వారం సెక్షన్లో ఫోన్లు ఆగలేదు. ఏదీ చెరగదని తెలిసి అందరూ బెదిరిపోయారు. ఒక డాక్టరు డోసు రాసేముందు కాగితం మీద రాసి చూసుకుంటున్నాడట. గురువారం పదకొండింటికి మోగిన ఫోను నేనే ఎత్తాను.

"నేను" అంది వదిన. "నాలుగో మంచానికి నాడి డెబ్బై రెండు బదులు ఇరవై ఏడు కొట్టాను. దిద్దితే ఆ ఇరవై ఏడు పోతుందా?"

"పోదు వదినా. అదీ ఉంటుంది, మీరు ఎన్నింటికి దిద్దారో కూడా ఉంటుంది."

"అంటే నా పరువు అరలో పెట్టి తాళం వేశావన్నమాట."

నవ్వాలో వద్దో తెలియలేదు.

"ఉన్నావా మరదలా?"

"ఉన్నాను వదినా."

"దిద్దుతున్నా. వచ్చిందో లేదో చూసి చెప్పు. లైన్లోనే ఉండు."

కీబోర్డు చప్పుడు వినిపించింది. ఇంతలో ఎవరో సిస్టర్ అని కేకేశారు. ఫోను బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయినట్టుంది. ట్రాలీ చక్రాల మోత, ఎవరిదో దగ్గు, దూరంగా ఆమె గొంతు, ఎవరినో కసురుతూ. నా తెర మీద డెబ్బై రెండు వచ్చింది. వచ్చిందని చెబుదామని నిలబడే ఉన్నాను. ఐదు నిమిషాలైనా ఆమె తిరిగి రాలేదు. నేను ఫోను పెట్టెయ్యలేదు.